అటూ ఇటూ ఎంత?



మా మాస్టారి పేరిట జరిగే ఈ ధర్మనిధి ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. మాస్టారి గురించి ఎక్కువగా మాట్లాడకూడదట. ఆయనే అలా చెప్పి వెళ్ళారట. నమ్మదగిన మాటే. ఎవరైనా తనను పొగుడుతుంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చునే మనిషి ఆయన. అయినా ఒక్క సంగతి చెప్పక తప్పదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నేను ఆయనతో మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళినప్పుడు లోతునీటి ఉష్ణోగ్రత తీయడానికి నాన్సెన్ సీసాలు వాడేవాళ్ళం. ఉక్కు తీగకు వరసగా సీసాలు బిగించి దించేవాళ్ళం. పైనుంచి ‘మెసెంజర్’ అనే చిన్న లోహపు బరువును తీగ వెంట జారవిడిస్తే అది వెళ్ళి సీసాకు తగిలేది. సీసా తలకిందులయ్యేది, దానితోపాటే థర్మామీటరూ తిరగబడి లోపల పాదరసం తెగేది, ఆ లోతులోని వేడిమి ఎంతో ఆ గీత దగ్గరే నిలిచిపోయేది. పైకి లాగాక భూతద్దం పెట్టి డిగ్రీలో నూరోవంతు దాకా చదవాలి. ఒకరు చదివాక ఇంకొకరు చదవాలి. మొదటివారి అంకె రెండోవారి చెవిన పడకూడదు. నాకది తెలియదు. ఉత్సాహంగా, ఓడంతా వినబడేట్టు “ఇరవై ఆరు పాయింట్ మూడు నాలుగు” అన్నాను. మాస్టారు కోప్పడలేదు. నావైపు తిరిగి, “అటూ ఇటూ ఎంత?” అన్నారు.

నాకు జవాబు రాలేదు. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆయన నోట ఆ ప్రశ్న వింటూనే ఉన్నాను. వాన ఎంత పడిందన్నా, చేపలు ఎన్ని పడ్డాయన్నా, ఆఖరికి క్యాంటీన్ బిల్లు ఎంతయిందన్నా అదే ప్రశ్న.

2100 నాటికి సముద్రం ఎలా ఉంటుందో చూపించే రంగుల పటాలు ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తున్నాయి. ఎరుపంటే వేడి, గోధుమరంగంటే ఆక్సిజన్ కొరత, ఇంకేదో రంగంటే చేపలు తగ్గడం. ఆ పటాల ముందు నిలబడి మాస్టారి ప్రశ్న అడగడమే ఇవాళ్టి పని. మోడళ్ళు అబద్ధమని చెప్పడానికి నేను రాలేదు. మోడల్ చెప్పిందంటే ఇక తిరుగులేదనీ అనను. ఒకే మోడల్ ఒకే రోజు చెప్పే నాలుగు మాటల్లో ఒకదానికి నిండు పూచీ ఇవ్వొచ్చు, ఇంకొకదానికి అర్ధణా పూచీ కూడా ఇవ్వలేం. ఆ తేడా పటంలో కనిపించదు. రంగు రెండింటికీ ఒకేలా వేస్తారు.

ముందు మోడల్ అంటే ఏమిటో రెండు ముక్కలు. గాలినీ సముద్రాన్నీ చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో వేడి, ఉప్పు, నీటి వేగం ఎలా మారతాయో భౌతిక సూత్రాలతో లెక్కగట్టే కంప్యూటర్ కార్యక్రమం అది. 1969లో స్యుకురో మనాబే, కిర్క్ బ్రయన్ గాలినీ సముద్రాన్నీ జతచేసి నడిపిన తొలి లెక్కలు ప్రచురించారు. మనాబేకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు పదుల కొద్దీ సంస్థలు తమ తమ మోడళ్ళను ఒకే ప్రశ్నపత్రం మీద పరీక్షకు పంపుతాయి. 1995లో మొదలైన ఆ ఉమ్మడి పరీక్ష పేరు సీమిప్. దాని ఆరో విడతలో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ తయారుచేసిన మోడల్ కూడా కూర్చుంది. మన దేశం నుంచి అలా వెళ్ళిన తొలి భూవ్యవస్థ మోడల్ అదే.

ఇక్కడ ఒక పదం గురించి పేచీ పెట్టుకోవాలి. రేపు కెరటాలు ఎంత ఎత్తు లేస్తాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవా కేంద్రం ఇన్‌కాయిస్ చెబుతుంది. అది ముందస్తు సూచన. రేపు సాయంత్రానికి నిజమో కాదో తేలిపోతుంది. 2100 గురించి మోడల్ చెప్పేది అలాంటిది కాదు, దాన్ని ప్రొజెక్షన్ అంటారు. “మనుషులు ఇంత బొగ్గుపులుసు వాయువు వదిలితే” అన్న షరతుతో మొదలయ్యే వాక్యం అది. పత్రికల్లోకి వచ్చేసరికి ఆ షరతు రాలిపోతుంది, “సముద్రం ఇలా అవుతుంది” మాత్రం మిగులుతుంది. పాపం శీర్షిక పెట్టేవాళ్ళను అనడానికీ లేదు, వాళ్ళకున్న చోటే అంత.

మరి 2100 దాకా ఆగకుండా మోడల్‌ను పరీక్షించడం ఎలా? ఒక దారి పాత ప్రొజెక్షన్లను తవ్వి తీయడం. జీక్ హౌస్‌ఫాదర్, ఆయన సహచరులు అదే చేశారు. 1970 నుంచి 2007 మధ్య ప్రచురితమైన 17 ప్రొజెక్షన్లను తీసుకుని, ఆ తరువాత భూమి నిజంగా ఎంత వేడెక్కిందో దానితో పోల్చారు. 10 సరిపోయాయి. వదిలిన వాయువుల గురించి నాడు వేసుకున్న ఊహను పక్కనపెట్టి, అసలు జరిగినదాన్ని ఆ చోట పెడితే 14 సరిపోయాయి. వాటిలో తొలినాటి లెక్కలు చేసిన కంప్యూటర్ల శక్తి ఇవాళ్టి మన జేబులోని ఫోన్‌కు సరితూగదు. అయినా అంత దగ్గరగా చెప్పగలిగారంటే, భూగోళం మొత్తం వేడి పద్దు విషయంలో ఈ లెక్కల పునాది గట్టిదని ఒప్పుకోవాలి. ఆ పద్దులో ముఖ్యమైన ఖాతా సముద్రానిదే. అదనంగా పోగైన వేడిలో 90 శాతానికి పైగా సముద్రంలోకే పోయింది.

రెండో దారి, గడిచిన శతాబ్దాన్ని మోడల్ చేత మళ్ళీ నడిపించి కొలతలతో పోల్చడం. ఇందులో ఒక మెలిక ఉంది. మోడల్ కట్టేవాళ్ళకు గడిచిన శతాబ్దం ముందే తెలుసు. తెలిసీ తెలియకుండా మరలు దానికి తగ్గట్టే బిగిస్తారు. ప్రశ్నపత్రం ముందే చూసిన కుర్రవాడికి నూటికి తొంభై వస్తే ఎంత మురిసిపోతామో ఇక్కడా అంతే మురవాలి. అందుకే నేను మా విద్యార్థులకు చెబుతుంటాను: మోడల్‌ను దేనికి సర్దారో ఆ అంకెతో పోల్చవద్దు, సర్దనిదాన్ని చూడండి. ఉపరితల ఉష్ణోగ్రత సరిపోయిందా? సంతోషం. యాభై మీటర్ల కింద ఉప్పు ఎంతుందో చూడండి.

ఇప్పుడు నా తప్పొకటి ఒప్పుకుంటాను. కొన్నేళ్ళ కిందట భీమిలి దాటాక ఒక మత్స్యకార పల్లెలో సమావేశం పెట్టారు. నేను ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు పట్టుకుని వెళ్ళి, బంగాళాఖాతం ఎర్రటి గడులతో నిండిన పటం గోడమీద వేసి అరగంట మాట్లాడాను. అంతా ఓపిగ్గా విన్నారు. చివర్లో ఒక పెద్దాయన లేచి, “బాబూ, ఆ గడిలో మా పల్లె ఉందా?” అన్నాడు. ఉందన్నాను. “ఇశాపట్నం?” అదీ ఉందన్నాను. “కళింగపట్నం?” అదీ అందులోనే అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, “మరైతే మాకూ ఆళ్ళకీ ఒకే సేపలు పడాల గదా బాబూ?” అన్నాడు. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను గాని, తిరుగు ప్రయాణంలో జీపులో నవ్వు రాలేదు.

ఆయన అడిగింది మాస్టారి ప్రశ్నే, వేరే యాసలో. సీమిప్‌లోని చాలా సముద్ర మోడళ్ళ గడి సుమారు ఒక డిగ్రీ, అంటే 110 కిలోమీటర్లు. విశాఖ నుంచి కళింగపట్నం దాకా దాదాపు అంతే. మన తీరం వెంట ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకునే ప్రవాహం ఉంది. వేసవికి ముందు ఈశాన్యం వైపు, దసరా దాటాక దక్షిణానికి పారుతుంది. దాని వెడల్పు ఇంచుమించు వంద కిలోమీటర్లు. అంటే ఆ ప్రవాహమంతా ఒక్క గడిలో ఇరుక్కుని మాయమైపోతుంది. బోట్లు తిరిగే, ఒడ్డు దగ్గరి లోతు తక్కువ ఖండతీరపు అంచు అయితే గడిలో సగం కూడా ఉండదు. చేపలు, వలలు, గుడ్లు పెట్టే చోట్లు అన్నీ మోడల్‌కు కనబడని ఆ ఇరుకులోనే ఉన్నాయి. మోడల్ ‘బంగాళాఖాతం’ అన్నప్పుడు లోతైన నీటిని తలచుకుంటుంది. పల్లెవాళ్ళు సముద్రమన్నప్పుడు చాలావరకు ఆ అంచునే తలచుకుంటారు.

గడి పెద్దదన్నదొక్కటే సమస్య అయితే, చిన్న గడులతో పెద్ద కంప్యూటర్ కొనుక్కుని కూర్చునేవాళ్ళం. బంగాళాఖాతం అంత తేలిగ్గా లొంగేది కాదు. దాని పద్ధతి వేరు.

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అవతల ఐరావతి. ఇన్ని నదుల తీపినీరు, పైన రుతుపవనాల వాన అన్నీ వచ్చి చేరేది ఈ మూడువైపులా మూసిన సముద్రంలోకే. తీపినీరు తేలిక కాబట్టి పైన పలచని పొరగా పరుచుకుంటుంది. కింద ఉప్పునీరు బరువుగా కూర్చుంటుంది. గాలి కవ్వంలాంటిది. అరేబియా సముద్రంలో జూన్ గాలి లేచిందంటే కవ్వం అడుగుదాకా దిగి, కింది పోషకాలను పైకి తెచ్చి, వెన్న తీసినట్టు చేపల మేతైన ప్లవకాలను తేలుస్తుంది. బంగాళాఖాతంలో కవ్వం పై పొరలోనే తిరుగుతుంది. తీపి పొర అడుగుకూ, వేడి నీటి అడుగుకూ మధ్య ఒక పొర ఉంటుంది. వేడిగా ఉంటుంది గాని ఉప్పగా ఉంటుంది. అడ్డుపొర అని పిలుస్తారు దాన్ని. పి.ఎన్. వినయచంద్రన్, వి.ఎస్.ఎన్. మూర్తి, వి. రమేశ్‌బాబు 2002లో ప్రచురించిన కొలతల్లో అది వానాకాలంలో ఎలా ఏర్పడుతుందో స్పష్టంగా కనిపించింది. ఈ అడ్డుపొర వల్లనే పైనీరు చల్లబడదు, పోషకాలు పైకి రావు. అరేబియా సముద్రంతో పోలిస్తే మన సముద్రంలో ప్లవకాల పంట తక్కువగా ఉండడానికీ, తుపాన్లకు వేడి కొదవ లేకపోవడానికీ ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు మోడల్ దగ్గరికి రండి. చాలా మోడళ్ళలో పై గడి మందమే 10 మీటర్లు. కొన్ని మీటర్ల తీపిపొరను అందులో పోస్తే ఉప్పునీటితో కలిసి చప్పబడుతుంది. మరో చిక్కు ఇంకా దూరం నుంచి వస్తుంది. చలికాలంలో, వసంతంలో ఉత్తర అరేబియా సముద్రాన్ని చాలా మోడళ్ళు ఉన్నదానికంటే చల్లగా చూపిస్తాయి. చల్లటి సముద్రం నుంచి ఆవిరి తక్కువ లేస్తుంది. రుతుపవనాలు తడి తగ్గి వస్తాయి. భారత భూభాగం మీద వానను తక్కువ చూపించడం ఈ మోడళ్ళకు తరతరాలుగా ఉన్న జబ్బు. వాన తగ్గితే మోడల్‌లోని గంగా గోదావరులూ చిక్కిపోతాయి. అవి చిక్కితే బంగాళాఖాతం మీద తీపిపొర పలచబడుతుంది. కరాచీ దగ్గరి పొరపాటు కాకినాడ దగ్గర బయటపడుతుందన్న మాట.

ఇంతా అయ్యాక ఆ మోడల్ బంగాళాఖాతపు ఉపరితల ఉష్ణోగ్రతను చక్కగా చూపించిందనుకోండి. నాకు భయం వేసేది అక్కడే. తీపిపొర లేకపోవడం ఒక తప్పు, గాలి బలహీనంగా ఉండడం ఇంకో తప్పు. ఒకటి నీటిని చల్లబరుస్తుంది, ఇంకొకటి వేడెక్కిస్తుంది. రెండూ కలిసి సరైన అంకె ఇవ్వొచ్చు. ఇవాళ అలా కలిసివచ్చిన తప్పులు 2080లో కూడా అంతే కచ్చితంగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని ఎవరు చెప్పగలరు? లెక్కలో మధ్యమెట్లు చూడకుండా జవాబు చూసి మార్కులు వేసే మాస్టారిని మనం చిన్నప్పుడు మెచ్చుకునేవాళ్ళం. ఈ వృత్తిలో అలాంటివాడు ప్రమాదకారి.

హిందూ మహాసముద్రపు ద్విధ్రువం సంగతీ ఇలాంటిదే. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా దాన్ని వర్ణించారు. పడమటి నీరు వేడెక్కి తూర్పు నీరు చల్లబడే ఆ ఊగిసలాటను మోడళ్ళు అసలు కన్నా పెద్దదిగా చూపిస్తాయని 2013లో వెన్‌జు కాయ్, టిమ్ కోవన్ నిరూపించారు. ఇవాళే ఎక్కువ ఊగే ఊయల రేపు ఇంకా ఎక్కువ ఊగుతుందని చెబితే ఆ ‘ఇంకా’లో ఎంత కోసుకోవాలో చూసుకోవాలి.

ఇక పూచీ సంగతికి వస్తాను. సీమిప్ ఆరో విడత మోడళ్ళను వరసలో నిలబెట్టి లెస్టర్ క్వియాట్‌కోవ్‌స్కీ బృందం 2020లో ఒక వ్యాసం ప్రచురించింది. ఉద్గారాలు బాగా పెరిగే దారిలో పోతే ఈ శతాబ్దం చివరికి, పారిశ్రామిక యుగపు తొలినాళ్ళతో పోలిస్తే, ప్రపంచ సముద్రాల సగటు మార్పు ఎంత అన్నది ప్రశ్న. ఉపరితల ఉష్ణోగ్రత 3.47 డిగ్రీలు పెరుగుతుంది, అటూ ఇటూ 0.78. నీటి ఆమ్లతను తెలిపే పీహెచ్ 0.44 తగ్గుతుంది, అటూ ఇటూ 0.005. వృక్ష ప్లవకాల ఉత్పత్తి 2.99 శాతం తగ్గుతుంది, అటూ ఇటూ 9.11.

ఈ మూడు అంకెలను నేను బోర్డు మీద రాసి పిల్లలను ఊరికే చూస్తూ కూర్చోమంటాను. పీహెచ్ దగ్గర మోడళ్ళన్నీ దాదాపు ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి. ఎందుకు? గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుంటుందో షరతులోనే ఇచ్చేశాం. అది నీటిలో కరిగితే ఏమవుతుందో రసాయన శాస్త్రానికి బాగా తెలుసు. కెరటం ఎటు పోయినా, రుతుపవనం ఆలస్యమైనా ఆ లెక్క పెద్దగా మారదు. ఉష్ణోగ్రత దగ్గర కొంత భేదాభిప్రాయం ఉంది, మేఘాల వల్లా ఇతరత్రా కారణాల వల్లా. అయినా దిక్కు మీద తగువు లేదు. మూడో అంకె దగ్గర మాత్రం ‘తగ్గుతుంది’ అన్న క్రియాపదానికే పూచీ లేదు. మూడు తగ్గి తొమ్మిది అటూ ఇటూ అంటే, పెరిగినా ఆశ్చర్యపోనక్కరలేదని అర్థం. వెలుతురు, పోషకాలు, ఇనుము, వేడి, తినే జంతు ప్లవకాల ఆకలి, వీటి మధ్య బేరం ఎలా తెగుతుందో ఒక్కో మోడల్ ఒక్కోలా రాసుకుంది. చిత్రమేమిటంటే, ఐదో విడతకన్నా ఆరో విడతలో ఈ అటూ ఇటూ పెరిగింది. మోడళ్ళు మెరుగయ్యాయి, సందేహం పెద్దదయింది. కొందరు దీన్ని వెనకడుగు అనుకుంటారు. నేననుకోను. ఇదివరకు దాగిన అజ్ఞానం ఇప్పుడు లెక్కలోకి వచ్చింది, అంతే.

పీహెచ్ అంకె చూసి మురిసిపోయే ముందు ఒక హెచ్చరిక. ఆ 0.005 నడిసముద్రాల సగటుది. తీరానికి వచ్చేసరికి నదుల నీరు కలుస్తుంది, పరిశ్రమల పొగ నుంచి గంధక, నత్రజని సమ్మేళనాలు గాలిమీద వచ్చి రాలతాయి. మన పశ్చిమ బంగాళాఖాతపు తీరజలాల్లో ఆమ్లత మీద ఈ పొగ ప్రభావాన్ని విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం చూపించింది. ఆ పొగను పట్టించుకోని మోడల్ చెప్పే పీహెచ్‌ను మన రేవు దగ్గరికి తెచ్చి అతికించలేం.

కొలతలే తక్కువైతే మోడల్‌ను దేనితో పోలుస్తాం? పడమటి హిందూ మహాసముద్రంలో వృక్ష ప్లవకాలు ఆరు దశాబ్దాల్లో 20 శాతం దాకా తగ్గాయని 2016లో రాక్సీ మాథ్యూ కోల్ బృందం రాసిన వ్యాసం దేశమంతా తిరిగింది. ముఖ్యమైన పని అది. కాని అందులో ఉపగ్రహం కళ్ళతో చూసినది చివరి 16 ఏళ్ళే. మిగిలినది మోడళ్ళు మళ్ళీ నడిపి చూపిన గతచరిత్ర. పైగా ఉపగ్రహం చూసేది ప్లవకాన్ని కాదు, నీటి రంగును. వెలుతురు ఎక్కువైతే ప్లవకం తన ఒంట్లోని పత్రహరితాన్ని తగ్గించుకుంటుంది. ఎండాకాలం మనిషి చొక్కా గుండీలు విప్పుకున్నట్టు. రంగు పలచబడింది కాబట్టి పంట తగ్గిందని వెంటనే అనలేం. నీటి రంగులో అసలు ధోరణిని ఏటేటా వచ్చే ఒడుదొడుకుల నుంచి విడదీయడానికి దాదాపు 40 ఏళ్ళ వరస కొలతలు కావాలని స్టెఫనీ హెన్సన్ 2010లో లెక్కగట్టింది. ఆగకుండా సాగుతున్న ఉపగ్రహ వరస మొదలైంది 1997లో. ఇంకా ఓపిక పట్టాలి.

ఆక్సిజన్ గురించి క్లుప్తంగా చెబుతాను, కాని క్లుప్తంగా చెప్పానని చిన్న విషయం అనుకోకండి. 1960 నుంచి ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో దాదాపు 2 శాతం పోగొట్టుకున్నాయని 2017లో ష్మిట్‌కో బృందం లెక్కగట్టింది. మోడళ్ళు అందులో సుమారు సగమే చూపిస్తాయి. ఇక్కడ మోడల్ తప్పు భయపెట్టే వైపు లేదు, ఊరడించే వైపు ఉంది. మోడళ్ళన్నీ అతిగా భయపెడతాయనేవాళ్ళు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. మన బంగాళాఖాతంలో సంగతి ఇంకా సున్నితం. వంద మీటర్ల కింద మొదలయ్యే ఆక్సిజన్ లేమి పొరలో, మామూలు పరికరాలకు అందని అతిస్వల్ప ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉందని అదే ఏడు బ్రిస్టో, నక్వీ తదితరులు కనుగొన్నారు. ఆ పిసరు వల్లే నత్రజని వాయువుగా మారి పోవడం అరేబియా సముద్రంలో జరిగినంతగా ఇక్కడ జరగడం లేదు. ఆ పిసరు కూడా పోతే సముద్రపు రసాయనమే మారుతుంది. కొన్ని ప్రపంచ మోడళ్ళలో ఈ కథ తిరగబడి, అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలోనే ఆక్సిజన్ ఎక్కువ ఎండిపోయి కనిపిస్తుంది. ఇంత సన్నని అంచును 110 కిలోమీటర్ల గడి పట్టుకోవాలంటే గొడ్డలితో గోరు తీసినట్టే.

చేపల దగ్గరికి వచ్చే ముందు ఒక పిట్టకథ. ఈస్టిండియా కంపెనీ కొలువులో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో 1803లో లండన్‌లో ఆయన పుస్తకం అచ్చయింది. మన జాలరులు చెప్పిన పేర్లను విన్నవి విన్నట్టు రాసుకున్నాడు. పారిస్‌లో కువియే ఆ పుస్తకం చూసి ఒక చేపకు ఆ పేరే ఖాయం చేశాడు. అదే రాస్ట్రెలిజర్ కానగుర్త. మన కానాగంత! ప్రపంచంలో ఎక్కడి మత్స్య శాస్త్రజ్ఞుడైనా ఈ చేపను పిలవాలంటే తెలుగులోనే పిలవాలి.

ఆ కానాగంత 2100లో ఉంటుందా? చేపల మోడళ్ళకూ ఒక ఉమ్మడి పరీక్ష ఉంది, ఫిష్‌మిప్ అంటారు. ఆ బృందం తరఫున హైక్ లోట్జ్, ఇతరులు 2019లో ప్రకటించిన ఫలితం ఇది: తక్కువ ఉద్గారాల దారిలో ప్రపంచ సముద్ర జంతురాశి శతాబ్దాంతానికి 5 శాతం తగ్గుతుంది, అటూ ఇటూ 4. అధిక ఉద్గారాల దారిలో 17 శాతం, అటూ ఇటూ 11. ఒక్కో డిగ్రీ వేడికి సగటున 5 శాతం. ప్లవకాల్లో చిన్న తగ్గుదల, మెట్టు మెట్టుకూ పెరుగుతూ, పెద్ద చేపల దగ్గరికి వచ్చేసరికి పెద్ద తగ్గుదల అవుతుంది. దిక్కు విషయంలో ఈ మోడళ్ళు చాలావరకు ఏకమాట మీదున్నాయి. అందుకని దీన్ని కొట్టిపారేయలేం.

అయితే ఇందులో ఉన్నవి ఆరు చేపల మోడళ్ళు, వాటికి వేడినీ ప్లవకాలనూ అందించినవి రెండే రెండు భూవ్యవస్థ మోడళ్ళు. ఆ రెండింటి పొరపాటు ఆరింటికీ పంచబడుతుంది. ఇంకో సంగతి పటం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఆ 5, 17 శాతాలు అసలు వేటే లేని సముద్రానికి కట్టిన లెక్కలు. వాతావరణం ఒక్కటే ఏం చేస్తుందో విడిగా తెలుసుకోవడానికి అలా చేశారు, అది సబబైన పద్ధతే. కాని ఆ అంకెను తెచ్చి విశాఖ ఫిషింగ్ హార్బర్ గోడకు అంటిస్తే, అక్కడ కట్టేసి ఉన్న వందలాది బోట్లు దాని వంక వింతగా చూస్తాయి.

పోనీ చేపల మోడల్‌ను పట్టుబడి లెక్కలతో సరిచూద్దామా? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా రేవు రేవునా నమూనాలు తీసుకుని లెక్కలు కడుతోంది. ప్రపంచంలో చాలా దేశాలకు లేని సంపద అది. కాని పట్టుబడి అంటే సముద్రంలో చేప కాదు, వలలో చేప. ఇంజను గుర్రాల బలం పెరిగినా, వల కన్ను చిన్నదైనా, ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల నిషేధం వచ్చినా, డీజిలు ధర పెరిగినా అంకె మారుతుంది. ఇక నూనె కవళ్ళ సంగతి చూడండి. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడ్డాయి. 2021కి 3,300 టన్నులకు పడిపోయాయి. ఆ తరువాత మళ్ళీ కొంత తేరుకున్నాయి. ఒక పదేళ్ళలో ఇంత పతనం! ఎల్ నినో అన్నారు, పిల్లచేపల వేట అన్నారు, తిండి కొరత అన్నారు. అన్నిట్లోనూ తలా కొంత నిజం ఉండొచ్చు. శతాబ్దాంతానికి 17 శాతం అని నున్నగా గీత గీసే మోడల్‌కు ఈ ఎత్తుపల్లాలు పట్టవు, పట్టాలని అది వాగ్దానమూ చేయలేదు. అదే చేప, ఒకప్పుడు దాదాపు మలబారుకే పరిమితమైనది, గత కొన్ని దశాబ్దాల్లో మన కోస్తా రేవుల్లోనూ దిగుతోంది. వేడెక్కే నీటితో కొత్త చోట్లకు వ్యాపిస్తున్నదని మత్స్య శాస్త్రజ్ఞుల వాదన. చేపల మోడళ్ళు ఊహించే కదలిక సరిగ్గా ఇలాంటిదే. పరీక్ష పెట్టాలంటే ఇక్కడ పెట్టాలని నా అభిప్రాయం. ఎన్ని టన్నులు అని అడగొద్దు, ఏ అక్షాంశం దాకా వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడగండి.

“ఇన్ని మోడళ్ళు ఒకటే చెబుతున్నాయి కదా” అనే వాదన తరచూ వింటాను. చెబుతున్నాయి. కాని వాటి వంశవృక్షం తీస్తే, పేర్లు వేరైనా ఇంటిపేరు ఒకటే అయినవి చాలా దొరుకుతాయి. ఒకరి సముద్రపు ప్రోగ్రాము ఇంకొకరు అరువు తెచ్చుకున్నారు, ఒకరి మేఘాలు ఇంకొకరివి. అన్నదమ్ముల పిల్లలంతా ఒకే మాట మీద ఉంటే దాన్ని ఊరంతా ఒప్పుకున్నట్టు లెక్కవేయరు. ఆరో విడతలో కొన్ని మోడళ్ళు మరీ వేడిగా వచ్చాయి కూడా. బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి 5 డిగ్రీలకు పైగా వేడెక్కుతుందని అవి చెప్పాయి. ఇతర ఆధారాలన్నీ కలిపి చూసిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ ఉత్తమ అంచనా 3 డిగ్రీలు. అందుకే అన్నిటికీ తలా ఒక ఓటు ఇచ్చి సగటు తీసే అలవాటు మానుకోవాలని 2022లో గట్టిగా వాదన వచ్చింది. ఆ వాదనతో నేను ఏకీభవిస్తాను. మోడళ్ళ సభలో ప్రజాస్వామ్యం పనికిరాదు.

మరి తీరంలో ఏం చేయాలి? ఇప్పుడు దాదాపు నాలుగు వేల ఆర్గో బోయాలు ప్రపంచ సముద్రాల్లో తిరుగుతున్నాయి. రెండు వేల మీటర్ల లోతుకు దిగి, పది రోజులకొకసారి పైకి తేలి, ఉప్పు, వేడి కొలతలు ఉపగ్రహానికి చెప్పి మళ్ళీ మునుగుతాయి. మన వంతు బోయాల లెక్కలు ఇన్‌కాయిస్ చూస్తుంది. మాస్టారు చూసి ఉంటే చిన్నపిల్లాడిలా సంబరపడేవారు. కాని ఈ బోయాలు లోతైన నీటి కోసం చేసినవి, ఖండతీరపు అంచు మీదికి రావు. మోడల్ చూడలేని ఇరుకే బోయా కూడా చూడలేని ఇరుకు. చేపలున్న ఇరుకూ అదే. బోటుకు వేలాడదీసే చిన్న ఉష్ణోగ్రత పరికరం, రేవులో ఒక రిజిస్టరు, ఏటేటా ఒకే వరస వెంట ఓడ, ఇలాంటి ఆకర్షణ లేని పనులకు డబ్బు దొరకడం కష్టం. సూపర్ కంప్యూటర్‌కు రిబ్బను కట్ చేయడానికి మంత్రిగారు వస్తారు, థర్మామీటర్‌కు రారు.

ఆ పల్లెకు నేను మళ్ళీ వెళ్ళాను. ఈసారి పటం పట్టుకెళ్ళలేదు. మూడు మాటలు చెప్పాను. సముద్రం వేడెక్కుతుంది, ఇప్పటికే వేడెక్కింది. 1951 నుంచి 2015 దాకా మన ఉష్ణమండల హిందూ మహాసముద్రం సుమారు ఒక డిగ్రీ పెరిగింది, ప్రపంచ సగటు 0.7 మాత్రమే. దీనికి నాది పూచీ అన్నాను. చేపల మేత తగ్గొచ్చు, పెరగొచ్చు, తగ్గుతుందనే అనుమానం ఎక్కువ, పూచీ ఇవ్వలేనన్నాను. మీ రేవులో ఏ చేప ఎంత పడుతుందో ఏ కంప్యూటరూ చెప్పలేదు, ఎవరైనా వచ్చి చెబితే నమ్మకండి అన్నాను. ఆ పెద్దాయన ఈసారి ప్రశ్న వేయలేదు. తన రేవులో కవళ్ళు మొదట ఏ ఏడు కనబడ్డాయో, ఏ నెలలో కనబడ్డాయో, ఆనాటి గాలి ఎటు నుంచి వీచిందో అరగంట సేపు చెప్పాడు. నేను రాసుకున్నాను.

పోయిన ఏడాది మాస్టారి ఓడ పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాం. ఇద్దరు విద్యార్థులు కూర్చుని ఒక్కో వరసా టైపు చేశారు. ఒక నవంబరు నెలలో కొలతలు తీసిన స్టేషన్ దగ్గర ఆగిపోయి నన్ను పిలిచారు. డెబ్బై అయిదు మీటర్ల దాకా అంకెలున్నాయి. ఆ కింద రెండు గడులు ఖాళీ. పక్కన ఆయన చేతిరాతతో ఇలా ఉంది: “గాలి ఎక్కువ. తీగ బాగా వాలింది. ఈ లోతులు నమ్మను.” అదే చోటికి, అదే నెలకు మోడల్ గతచరిత్రలో అంకె ఉంది. పైనా కిందా ఉన్న స్టేషన్లను బట్టి ఆ గడులను నింపడం కూడా కష్టమేమీ కాదు. నింపమంటారా అని అడిగింది వాళ్ళలోని అమ్మాయి. వద్దన్నాను. కొలత లేదని చెప్పే మైనస్ 999 ఆ రెండు గడుల్లో కొట్టి, రిమార్కుల వరసలో ఆయన మూడు వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు తెలుగులోనే ఎక్కించాం.